మద్దమ్మను బట్టి

కర్నూలు,
16 జూన్ 2024

మద్దమ్మకు,

బడులు తెరిచే రోజులు కదా, కొత్త పిల్లల్ని చేర్చుకోవడం, పుస్తకాలు పంచడంతోనే సరిపోయింది. నీ ఉత్తరానికి జవాబు నెల ఆలస్యమైంది. ఫోన్ చేద్దామన్నా నీకు మాట వినపడదు. ఆ మిల్లు మోత నీ చెవుల్ని తినేసింది. "ఈ కాలంలో పోస్టు డబ్బా యాడుండాదో తెలిసింది మీ ఇద్దరికే" అని మా ఆయన నవ్వుతుంటారు.

పార్సిల్లో నాలుగు చీరలు పంపుతున్నాను. రెండు నేను ఒకటి రెండుసార్లు కట్టినవే. ముదురు రంగులు ఏరాను. లేత రంగులైతే నీ చేతుల మీద మచ్చలు ఎక్కువ కనపడతాయి.

ఇక్కడి సంగతులు చెప్తాను. నవంబరులో మా స్త్రీల సమాజానికి యాభై ఏళ్ళు నిండుతాయి. మూడు రోజుల సభలు. మూడో రోజు సాయంత్రం ఒకరు సాక్ష్యం చెప్పాలి, విశ్వాసం తన బతుకులో ఏం చేసిందో. ఎవరు చెప్పాలో ఇంకా తేల్చలేదు. నాన్నగారు ఈ సంఘానికి ఇరవై రెండేళ్ళు పాస్టరు. ఆయన పోయినప్పటి నుంచి, అంటే పంతొమ్మిదేళ్ళుగా, క్వైరు నడిపేది నేను. ఎవరిని అడుగుతారో వేరే చెప్పక్కర్లేదు. కానీ కొత్త పాస్టరమ్మగారు సుచరితగారి తీరు నాకు అంతుపట్టడం లేదు. ప్రతి ఈస్టరుకీ నేను పాడే పాటను ఈసారి ఉదయశ్రీకి ఇచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. "కొత్తవాళ్ళకూ అవకాశం ఇద్దాం ప్రసన్నగారూ" అంది. నేను నవ్వి సరేనన్నాను. ఇంటికొచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. ఆ అమ్మాయి బాగానే పాడింది. అదే నా బాధ.

నీ కోసం ప్రార్థన మానలేదు. కోడుమూరు నుంచి రేకు పెట్టె పట్టుకుని వచ్చి హాస్టల్లో నా పక్క మంచం ఎక్కావే, ఆ రోజు రాసుకున్నాను నీ పేరు నా ప్రార్థన పుస్తకంలో. ముప్పై మూడేళ్ళయింది. నీ మనసు ఎప్పుడు కరుగుతుందో.

ఎండలో గుడ్డ కట్టుకోకుండా బయటికి పోవద్దు.

నీ అక్క
ప్రసన్నకుమారి


మంగంపేట,
9 జూలై 2024

ప్రసన్నక్కకు,

చీరలు అందాయి. నీకు ఒక సంగతి చెప్పాలి. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నా బతుకు నీకు తెలుసు. పెళ్ళయిన రెండేళ్ళకు ఒంటి మీద బొల్లి మచ్చలు మొదలయ్యాయి. ఆ మరుసటి ఏడాదే ఆయన నన్ను వదిలేసి పోయాడు. అప్పటి నుంచి ఈ ముగ్గురాయి మిల్లులోనే ఉన్నాను. మిల్లులో నాకు సుఖంగా ఉంటుంది. రాతిపొడి పడి అందరం తెల్లగా అయిపోతాం, మచ్చలు ఎవరికున్నాయో ఎవరికి లేవో తెలియదు. సాయంత్రం ముఖం కడుక్కుని గేటు దాటేటప్పుడే భయం. అందుకే ఇరవై మూడేళ్ళుగా కళ్ళు తప్ప ముఖమంతా గుడ్డ చుట్టుకుని తిరిగాను. టీ అంగట్లో అందరికీ గాజు గ్లాసు, నాకు కాగితం కప్పు. ఇక్కడ నా పేరు 'బొల్లామె'. మద్దమ్మ అని పిలిచేవాళ్ళు లేక, నీ ఉత్తరం మీద ఆ పేరు చూసినప్పుడల్లా ఎవరికో వచ్చిందనిపించేది.

మిల్లులో సంచులు కుట్టే మహాదేవి అనే ఆమె మే నెలలో ఒక ఆదివారం నన్ను వాళ్ళ ప్రార్థనకు పిలుచుకుపోయింది. రేకుల షెడ్డు. పాస్టరు నాగసుబ్బయ్య ఒకప్పుడు లారీ తోలేవాడు. వెనక గోడకు ఆనుకుని, గుడ్డ తీయకుండా కూర్చున్నాను. చివర్లో ఆయన నా దగ్గరికి వచ్చి ఏదో అడిగాడు. నాకు వినపడలేదు. మహాదేవి నా చెవిలో అరిచింది, "నీ పేరు చెప్పుమే, పేరు!"

"మద్దమ్మ" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని, నాకు కూడా వినపడేట్టు గట్టిగా అన్నాడు, "తండ్రీ, మద్దమ్మను బట్టి నీకు స్తోత్రం."

ఇంకేదో అంటాడని కాచుకున్నాను. మద్దమ్మ మచ్చలు పోగొట్టు అనో, మద్దమ్మ పాపాలు క్షమించు అనో, మొగుణ్ణి తిరిగి పంపించు అనో. ఏమీ అడగలేదు. పక్కనున్న ముసలాయన దగ్గరికి పోయి ఆయన పేరు చెప్పి, అదే మాట అన్నాడు.

నన్ను బట్టి దేవుడికి కృతజ్ఞత చెప్పినవాళ్ళు ఎవరున్నారక్కా? మా అమ్మ కూడా నన్ను చూసి నిట్టూర్చేది. నేను ఉండడం మంచి సంగతి అని నాకు అంతవరకూ తెలియదు. ఆ గుడ్డ లోపలే ఏడ్చి ఏడ్చి ఊపిరాడక, దాన్ని పీకేశాను.

మర్నాడు గుడ్డ లేకుండా టీ అంగడికి పోయాను. "నాకూ గ్లాసులో పోయప్పా" అన్నాను. ఆయన నా ముఖం చూశాడు, గ్లాసు చూశాడు, పోశాడు. తాగేలోపు సగం ఒలికిపోయింది.

జూన్ ఆఖరి ఆదివారం బాప్తిస్మం తీసుకున్నాను. వంకలో నీళ్ళు లేవు, సిమెంటు తొట్టి నింపారు. పేరు మార్చుకుంటావా అని అడిగితే వద్దన్నాను.

నీ ప్రార్థన ఫలించిందక్కా. అందరికంటే ముందు నీకే రాస్తున్నాను. ఇన్నేళ్ళూ నీకు దండాలు రాసేదాన్ని, ఈసారి మీవాళ్ళలాగా వందనాలు.

మద్దమ్మ


కర్నూలు,
28 జూలై 2024

మద్దమ్మకు,

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. దేవునికి స్తోత్రం.

రెండోసారి చదివినప్పుడు మాత్రం కొన్ని సందేహాలు వచ్చాయి. పెద్దదాన్ని కాబట్టి చెబుతున్నాను, తప్పుగా అనుకోకు. ఆ నాగసుబ్బయ్యగారు ఎక్కడ చదువుకున్నారు? ఏ సంఘానికి చెందినవారు? రెండు నెలలు తిరగకుండానే బాప్తిస్మం ఇచ్చేశారా? మా నాన్నగారైతే ఆరు నెలలు పాఠాలు చెప్పి, ప్రశ్నలు అడిగి, ఆ తర్వాతే ఇచ్చేవారు. పాపాల క్షమాపణ మాటే లేకుండా ఉత్త పేరు చెప్పి స్తోత్రం అనడం నేనెక్కడా వినలేదు. మొదట్లో అందరికీ ఉద్రేకం ఉంటుంది. తర్వాత నిలబడాలి. విశ్వాసం అంటే ముఖం మీద గుడ్డ తీసేయడం కాదు కదా. ఆ ఎండకు మచ్చలు ఇంకా పాకుతాయి.

ముప్పై మూడేళ్ళు మోకాళ్ళ మీద నేను అడిగింది, ఒక లారీ డ్రైవరు ఒక్క మాటతో సాధించాడు. ఆయన చేతనే కావాలని దేవుడు అనుకున్నాడేమో. నేనేమీ అనడం లేదు.

నీ ఉత్తరం శుక్రవారం స్త్రీల కూడికలో చదివాను. నిన్ను అడగకుండా చదివినందుకు ఏమనుకోకు. ఎవరి కోసమైనా ఏళ్ళ తరబడి ప్రార్థిస్తుంటే విసుగు చెందవద్దని చెప్పడానికి చదివాను. పూర్తయ్యేసరికి మా సుంకమ్మవ్వ, ఎనభై ఏళ్ళ మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "ఆ మద్దమ్మను ఒక్కతూరి చూపీమ్మా, యాడుంటాది?" అని నా చెయ్యి పట్టుకుంది. అందరూ నీ గురించే అడిగారు. ఎన్నేళ్ళుగా ప్రార్థించావని నన్ను ఎవరూ అడగలేదు.

ఉంటాను.

ప్రసన్న


కడప,
22 ఆగస్టు 2024

ప్రసన్నక్కకు,

కడప పెద్దాసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. చెవుల పరీక్షకు వచ్చాను, నా వంతు రావడానికి ఇంకా ముప్పై మంది ఉన్నారు. మహాదేవి తోడు వచ్చింది. ముఖానికి గుడ్డ లేకుండా బస్సులో ఇంత దూరం రావడం ఇదే మొదలు. రాజంపేటలో ఒక పాప నన్ను అదే పనిగా చూసింది. "ఇది రంగు, నొప్పి లేదులే" అన్నాను. ఆ పాప నా చెయ్యి ముట్టుకుని చూసి, నిద్రపోయింది.

మీ పాస్టరమ్మగారు సుచరితగారి నుంచి ఉత్తరం వచ్చింది. నవంబరు సభల్లో మూడో రోజు నన్ను సాక్ష్యం చెప్పమని రాసింది. చదవగానే, నువ్వే చెప్పి రాయించావనుకున్నాను. కానీ నీ ఉత్తరంలో ఆ మాట లేదు. మూడో రోజు నువ్వు మాట్లాడాలనుకున్నావని నాకు గుర్తుంది. అందుకే నిన్ను అడగకుండా ఆమెకు జవాబు రాయలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. హాస్టల్లో నీ మీద నాకు చాలా అసూయ ఉండేదక్కా. ఆదివారం మీ నాన్నగారు వచ్చి నీ భుజం మీద చెయ్యి వేసి, వచ్చినవాళ్ళకు "మా అమ్మాయి" అని చూపించేవారు. మా నాన్న ఏడాదికి ఒకసారి వచ్చి గేటు బయటే నిలబడి పోయేవాడు. తొమ్మిదో తరగతి క్రిస్మస్‌కు నువ్వు ఒంటరిగా పాడే ముందురోజు, నీ గొంతు పోవాలని రాత్రంతా దేవుణ్ణి అడిగాను. నాకు తెలిసి నేను చేసిన మొదటి ప్రార్థన అదే! నీ గొంతు పోలేదు. ఎప్పటికన్నా బాగా పాడావు. నేను గిన్నెలు తోముతూ విన్నాను.

ఇప్పుడు ఆ మంట లేదు. నువ్వు పాడతావు, నేను సంచులు మోస్తాను, ఇద్దరమూ ఉన్నాం. అంతే అనిపిస్తోంది.

నువ్వు రమ్మంటే వస్తాను. భయమే కానీ, వస్తాను. వద్దంటే మానుకుంటాను. నా పేరు పిలుస్తున్నారని మహాదేవి లేపుతోంది.

మద్దమ్మ


కర్నూలు,
2 సెప్టెంబరు 2024

మద్దమ్మకు,

నువ్వు అడిగావు కాబట్టి ఉన్నమాట చెబుతాను. రావద్దు.

నా గురించి కాదు. మూడో రోజు నేను మాట్లాడినా మాట్లాడకపోయినా నాకు ఒకటే. నీ గురించే నా దిగులు. ఇది మీ రేకుల షెడ్డు కాదు. ఎనిమిది వందల మంది వస్తారు, డాక్టర్లు, లెక్చరర్లు, ఆఫీసర్ల భార్యలు. మైకు ముందు నిలబడితే నీకు నీ గొంతే వినపడదు. ఎవరైనా ప్రశ్న అడిగితే వినపడదు. భర్త గురించి అడుగుతారు. ఏమని చెబుతావు?

ఇంకో మాట. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది. వాళ్ళు నిన్ను వినడానికి పిలవడం లేదు మద్దమ్మా, చూడడానికి పిలుస్తున్నారు. నీ ముఖం చూసి అయ్యో అని కళ్ళు తుడుచుకుని, ఇంటికి పోయి అన్నం తింటారు. మీ ఊళ్ళో నలుగురు కూలివాళ్ళ మధ్య నువ్వు ధైర్యంగా ఉంటే ఉండు. ఆ ధైర్యం ఇక్కడ నిలవదు. నిన్ను చిన్నప్పటి నుంచి చూసినదాన్ని, నీ మేలు కోరేదాన్ని నేను కాబట్టి చెబుతున్నాను.

సుచరితగారితో నీకు ఒంట్లో బాగాలేదని నేనే చెబుతాను. నువ్వు కూడా అట్లాగే రాసెయ్.

ప్రసన్న


మంగంపేట,
20 సెప్టెంబరు 2024

ప్రసన్నక్కకు,

రానని సుచరితగారికి రాశాను. ఒంట్లో బాగాలేదనే రాశాను.

నువ్వు చెప్పిందే నిజమై ఉంటుంది. ఈ నాలుగు నెలలూ జనం నన్ను చూసి మామూలుగా మాట్లాడుతున్నారని అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఒక్కొక్కరి కళ్ళనూ గమనించాను. చూస్తున్నారు. టీ అంగటాయన కూడా చూస్తున్నాడు.

సోమవారం నుంచి మళ్ళీ గుడ్డ కట్టుకున్నాను. పోయిన ఆదివారం ప్రార్థనకు పోలేదు.

నీ సభలు బాగా జరగాలి.

మద్దమ్మ


కర్నూలు,
25 నవంబరు 2024

మద్దమ్మకు,

రెండు నెలలు నీకు రాయలేదు. ఇప్పుడు రాసేది చదివి నువ్వు ఇక ఎప్పుడూ నాకు రాయకపోయినా నేను అడగలేను.

నువ్వు రానని రాశాక మూడో రోజు సాక్ష్యం నన్నే చెప్పమన్నారు. చెప్పడానికి నా దగ్గర ఏముందని వెతుక్కున్నాను. పాస్టరు కూతురిగా పుట్టాను, పాడాను, బడిలో పాఠాలు చెప్పాను. రెండు పేజీలు కూడా నిండలేదు. చివరికి నీ కథే చెప్పాను. ముప్పై మూడేళ్ళ నా ప్రార్థన, నీ మచ్చలు, గుడ్డ, టీ గ్లాసు, అన్నీ. నాగసుబ్బయ్యగారి పేరు ఎత్తలేదు. నువ్వు మళ్ళీ గుడ్డ కట్టుకున్నావని కూడా చెప్పలేదు. ఎనిమిది వందల మంది కదలకుండా విన్నారు. దిగి వస్తుంటే సుచరితగారు నన్ను కౌగిలించుకుంది. ఉదయశ్రీ నా కాళ్ళకు వంగబోయింది. జీవితమంతా నేను కోరుకున్న సాయంత్రం అదే మద్దమ్మా.

అప్పుడు సుంకమ్మవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నన్ను పొగడలేదు. "ఆ పాపకు ఒంట్లో ఎట్లుండాది?" అని అడిగింది. నాకు వెంటనే అర్థం కాలేదు. "మద్దమ్మకు బాగలేదంటివి గదమ్మా. ఆ పొద్దు నుంచి శుక్రవారం శుక్రవారం ఉపాసం ఉంటాండా ఆయమ్మ కోసరం. కొంచెమన్నా తిప్పుకుందా?"

ఎనభై ఏళ్ళ మనిషి, చక్కెర జబ్బు మనిషి, రెండు నెలలుగా నేనాడిన అబద్ధం కోసం కడుపు మాడ్చుకుంటోంది. "తిప్పుకుందవ్వా" అని చెప్పి తప్పించుకోవచ్చు. నోటి దాకా వచ్చింది. ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. "ఆమెకు జబ్బేమీ లేదవ్వా. నేనే రావద్దన్నాను. ఆమె వస్తే నన్ను ఎవరూ అడగరని రావద్దన్నాను" అన్నాను.

అవ్వ కర్ర పక్కన పెట్టింది. తర్వాత, "ఆ పాపకు జబ్బు లేకుంటే మేలే" అని కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాతి శుక్రవారం కూడికలో అందరి ముందూ చెప్పేశాను. నాగసుబ్బయ్యగారి పేరుతో సహా. కొందరు ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. క్వైరు నుంచి నేనే తప్పుకున్నాను, సుచరితగారు ఆపలేదు. "అందరికీ చెప్పాల్సిన పనేముంది, ఇంట్లో ప్రార్థన చేసుకుంటే పోయేది గదా" అని మా ఆయన నాలుగు రోజులు ముభావంగా ఉన్నారు.

నీకు అసలు సంగతి చెబుతాను. నీ మచ్చల గురించి నేను ఎప్పుడూ జాలిపడలేదు. వాటిని తలచుకుని నేను బాగున్నాననుకునేదాన్ని. నువ్వు ఆ గుడ్డ తీసేసరికి నాకు కాళ్ళ కింద ఏమీ లేనట్టయింది. నీ పేరు చెప్పి ఆయన స్తోత్రం అన్నాడని చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు. నా పేరు చెప్పి ఎవరూ ఎప్పుడూ అట్లా అనలేదని. నా పాటను బట్టి అన్నారు, నాన్నగారి సేవను బట్టి అన్నారు. అవి తీసేస్తే నేనెవరో నాకు తెలియదు. ఇప్పుడు వెనక వరుసలో కూర్చుంటున్నాను. ఉదయశ్రీ పాడుతుంటే ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి.

క్షమించమని అడగాలి. అడగడానికి ముఖం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

ప్రసన్న


మంగంపేట,
12 డిసెంబరు 2024

అక్కా,

పది రోజులు నీ ఉత్తరం బియ్యం డబ్బా కింద పెట్టి తిరిగాను. నీ మీద కోపంతో.

ఆ గుడ్డ పన్నెండు రోజులే ఉంది. మహాదేవి ఇంటికి వచ్చి నిలదీసింది. "ఎవురు చెప్పినారు నీకు కట్టుకోమని?"

"మా అక్క."

"మీ యక్క నిన్ను చూసి ఎన్నేండ్లయింది?"

లెక్కేసి చెప్పాను, పంతొమ్మిది. మీ నాన్నగారి అంత్యక్రియలకు వచ్చినప్పుడు. అప్పుడు కూడా నేను గుడ్డ తీయలేదు.

"నీ మొగమే చూడని మనిషి మాట పట్టుకోని మొగం కప్పుకుంటివా? దినామూ చూసే మేము మనుషులం కాదా?" అని అరిచింది. నాకు సరిగ్గా వినపడాలనే అరిచింది కానీ, వీధంతా వినపడింది. ఆమె ఉండగానే తీసేశాను.

అయినా నీ మీద నాకు కోపం రాలేదు. నువ్వు నా మేలు కోరే చెప్పావని అనుకున్నాను. ఇప్పుడు నీ ఉత్తరంతో వచ్చింది. మిల్లులో సంచి ఎత్తుతూ ఉన్నపళంగా వచ్చింది. వాళ్ళు నిన్ను చూడడానికి పిలుస్తున్నారని ఎట్లా రాశావక్కా? నీకు నిజం తెలిసి, నాకు ఎక్కడ తగులుతుందో తెలిసి, అక్కడే కొట్టావు. నా కథను నన్ను రానీయకుండా చేసి నువ్వు చెప్పుకున్నావు. నేను మాట్లాడగలిగేదాన్ని. భయపడుతూనే అయినా చెప్పగలిగేదాన్ని. ఆ సాయంత్రం నాది.

ఇది నీకు రాస్తుంటే నాకే వింతగా ఉంది. ఇంతకుముందు ఎవరేమన్నా కోపం వచ్చేది కాదు. మొగుడు పోయినప్పుడు కూడా, నిజమే కదా, నాతో ఎవరుంటారు అనుకున్నాను. నన్ను అవమానిస్తే కోపం రావాలంటే, నాకూ ఒక విలువ ఉందని ముందు నేను నమ్మాలి కదా. ఈ సంగతి పాస్టరుగారికి చెప్పాను. "అక్క మీద శానా కోపంగా ఉండాది, ప్రార్థన చేయలేకపోతాండా" అన్నాను. "ఉండనీ. దాచిపెట్టి మాత్రం ప్రార్థన చేయొద్దు. ఆయమ్మకే చెప్పు" అన్నాడు.

అందుకే చెబుతున్నాను. క్షమించానని ఈ రోజు రాయలేను. రాస్తే అబద్ధం అవుతుంది, మన మధ్య ఇప్పటికే అబద్ధాలు ఎక్కువైనాయి.

కర్నూలుకు నేను రాను. నువ్వు రా. ఒక ఆదివారం చూసుకుని రా. ఏమీ తేవద్దు.

సుంకమ్మవ్వను ఉపవాసాలు మానమని నా మాటగా చెప్పు.

మద్దమ్మ


కర్నూలు,
27 జనవరి 2025

మద్దమ్మా,

పోయిన వారమే క్షేమంగా చేరాను. కడపలో బస్సు దొరకడానికి రెండు గంటలు పట్టింది.

నీ ముందు అనలేకపోయినవి రాస్తాను. బస్సు దిగగానే నువ్వు ఎదురొచ్చావు. ముఖంలో సగం తెలుపు, సగం చామనఛాయ. నా చూపు మచ్చల మీదే ఆగిపోయింది. నువ్వు తిప్పుకోలేదు. "చూడక్కా, బాగా చూసుకో. అయినాక మాట్లాడుకుందాం" అన్నావు. నేను ఎంతసేపు చూశానో తెలియదు. చివరికి నేనే తల దించుకున్నాను.

షెడ్డులో పాటలు మొదలయ్యాక నన్ను పాడమంటారని కాచుకున్నాను. నిజం చెబుతున్నాను, బస్సులోనే ఏ పాటో అనుకుని వచ్చాను. ఎవరూ అడగలేదు. నేను పాడతానని వాళ్ళకు నువ్వు చెప్పనేలేదని తర్వాత తెలిసింది. భోజనాలకు మహాదేవి నా ముందు ఉల్లిగడ్డల గంప పెట్టి, "కోయమ్మా, ఊరికే కూర్చుంటివే" అంది. కోశాను. నా చుట్టూ ఆడవాళ్ళు పనికి ఒకసారి, పలకరింపుకు ఒకసారి "మద్దమ్మా" అని పిలుస్తుంటే, ఎన్నిసార్లు పిలిచారో నేను లెక్కపెడుతూ కూర్చున్నాను. ఇరవై ఆరుసార్లు. నా అసూయ పోలేదు మద్దమ్మా. ఉల్లిగడ్డలు ఉన్నాయి కాబట్టి నా కళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

భోంచేశాక నువ్వు వచ్చి నా పక్కన కూర్చున్నావు. తర్వాత నా విస్తట్లో మిగిలిన ముద్ద తీసుకుని తిన్నావు, హాస్టల్లో తిన్నట్టు. క్షమించావో లేదో నేను అడగలేదు. అడగకుండా ఉండడం నాకు చేతనైన ఒకే మంచి పని అనిపించింది.

ఈ వారం కూడా వెనక వరుసలోనే కూర్చున్నాను. ఉదయశ్రీ నా దగ్గరికి వచ్చి, ఒక చోట శృతి అందడం లేదు, నేర్పిస్తారా అని అడిగింది. రేపు రమ్మన్నాను. నేర్పుతానో, కావాలని తప్పు చెబుతానో నా మీద నాకే నమ్మకం లేదు. నువ్వు ప్రార్థన చెయ్యి.

ప్రసన్న


మంగంపేట,
10 ఫిబ్రవరి 2025

ప్రసన్నక్కకు,

ఉదయశ్రీకి నేర్పించావా లేదా రాయి. తప్పు చెప్పి ఉంటే అది కూడా రాయి.

నా కోపం కొంచెం తగ్గింది. అంతా పోలేదు. నువ్వు వచ్చినప్పుడు సగం పోయింది, నీ ఉత్తరం చదివితే నవ్వొచ్చి ఇంకొంత పోయింది. ఇరవై ఆరుసార్లు లెక్కపెట్టావా నిజంగా?

చెవులకు మిషను ఇస్తామన్నారు కడపలో. వచ్చే నెల పోవాలి. పెట్టుకున్నాక ఒకసారి ఫోన్ చేస్తాను, కానీ ఉత్తరాలు మానను.

నువ్వు పోయిన రోజు జరిగింది ఒకటి చెప్పాలి. నీ బస్సు కదిలాక నేను షెడ్డుకు తిరిగి వచ్చి చాపలు చుడుతున్నాను. పాస్టరుగారు వచ్చి అడిగాడు, "ఉల్లిగడ్డలు కోసినాయమ్మ ఎవురు?"

"మా అక్క" అన్నాను.

"ఏం చేస్తాంటాది?"

క్వైరు, మీ నాన్నగారు, బడి, అన్నీ నోటి దాకా వచ్చాయి. నువ్వు చేసింది కూడా వచ్చింది. ఏదీ చెప్పబుద్ధి కాలేదు. "మా యక్క, నన్ను చూసేదానికి వచ్చినాది" అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. చాప రెండో కొస పట్టుకున్నాడు, ఇద్దరం చుట్టాం.

మద్దమ్మ